కారణాల నోటుపుస్తకం

'వాడికి చదువు అబ్బలేదండీ!'

తెలుగునాట ఈ మాట వినని ఇల్లు ఉండదేమో. బడిలో మాస్టారు అంటారు. ఇంట్లో తండ్రి అంటాడు. నాలుగుసార్లు విన్నాక ఆ పిల్లవాడే 'నాకు చదువు రాదు' అని నమ్మేస్తాడు. పైరు ఎండిపోతే రైతు చేను చుట్టూ తిరుగుతాడు. నీళ్లందలేదా, తెగులు తగిలిందా, విత్తనమే కల్తీదా అని వంద రకాలుగా ఆరా తీస్తాడు. లెక్కల్లో పదిహేను మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి విషయంలో మాత్రం ఆ ఆరా ఉండదు. బుర్ర లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులోనూ పేదింటి పిల్లలైతే ఆ తీర్పు మరీ తొందరగా వచ్చేస్తుంది.

అలా తేల్చేయడానికి మనసొప్పని ఓ లెక్కల టీచరమ్మ ఉంది. పట్నంలో పుట్టి పెరిగిన ఆమెకు బదిలీ మీద నడిగడ్డలోని ఓ జిల్లా పరిషత్ హైస్కూలు వచ్చింది. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నేల కాబట్టి దానికి నడిగడ్డ అని పేరు. గద్వాల చీరలకూ, ఆలంపురం జోగులాంబ గుడికీ పేరున్న ప్రాంతం. 2011 జనాభా లెక్కల్లో మాత్రం దానికి ఇంకో పేరుంది. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటికి అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. తెలంగాణ జిల్లాలన్నింటిలోకీ అదే తక్కువ.

బడిలో చేరిన మొదటి నెలలోనే ఆమె ఒకటి గమనించింది. హాజరు పట్టీలో ఎర్ర సిరాతో వరసగా 'ఏ'లు పడుతున్నాయి. పిల్లవాడు రాలేదని ఆ పట్టీ చెబుతుంది. ఎందుకు రాలేదో చెప్పదు. మార్కుల రిజిస్టరూ అంతే. ఎన్ని వచ్చాయో ఉంటుంది, మిగతావి ఎందుకు రాలేదో ఉండదు. అందుకే ఆమె ఓ పొడవాటి నోటుపుస్తకం కొని, స్కేలు పెట్టి మూడు గడులు గీసింది. మొదటి గడిలో పిల్లల పేరు. రెండో గడిలో 'ఏమైంది?'. మూడో గడిలో 'ఏం చేయాలి?'. తోటి టీచర్లు మొదట్లో నవ్వారు. 'మేడమ్, మీరు లెక్కలు చెప్పడానికొచ్చారా, కేసులు రాయడానికొచ్చారా?' అన్నారు.

పత్తి పువ్వు పిలిస్తే...

ఆ పుస్తకంలో మొదటి పేజీ మొత్తాన్ని పత్తే తినేసింది.

నడిగడ్డలో సీడు పత్తి ఎక్కువ. కంపెనీలు అమ్మే హైబ్రిడ్ విత్తనం తయారయ్యేది ఈ చేలల్లోనే. ఆ పని యంత్రం చేసేది కాదు. ఆడ వరుసలోని మొక్కల మీద విచ్చుకోబోయే మొగ్గను వెతికి, అందులోని పుప్పొడి కాడలను గోటితో గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వును తెచ్చి దాని కీలాగ్రం మీద రుద్దాలి. దీన్ని అక్కడ 'క్రాసింగ్' అంటారు. ప్రతి పువ్వుకూ ఇదే తంతు. పూత ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా ఆపడానికి వీల్లేదు. మొక్క ఎత్తు పిల్లల ఎత్తుకు సరిపోతుంది, చిన్న వేళ్లయితే పువ్వు నలగదు, కూలీ తక్కువ. ఈ మూడు లెక్కలూ కలిసి బడి గంటను మింగేస్తాయి. అందులోనూ ఆడపిల్లలవే ఎక్కువ చేతులు.

ఎనిమిదో తరగతి పిల్ల మూడు వారాలుగా రాకపోతే టీచరమ్మ ఇంటికే వెళ్లింది. తండ్రి మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మర్యాదకు లోటు లేదు.

'ఏం జెయ్యమంటవ్ మేడమ్? సీజన్ రాకముందే పైసలు తీస్కున్నం. పిల్ల పోకుంటే ఆయన ఊకుంటడా? పూత అయిపోయినంక బడికి తోలిస్త.'

'అప్పటికి క్లాసు ఎక్కడికో పోతదన్నా.'

'ఎక్కడికి పోతది? బడి ఆడనే ఉంటది గదా!'

అతను వెటకారంగా అనలేదు. బడి నిజంగా అక్కడే ఉంటుంది. పాఠం మాత్రం ఉండదు. రెండు నెలల తర్వాత వచ్చిన పిల్ల కూర్చునేసరికి బోర్డు మీద బీజీయ సమాసాలు నడుస్తుంటాయి. వాటికి ముందున్నవేవీ ఆమె వినలేదు. నాలుగు రోజులు బిక్కమొహం వేసుకుని కూర్చుంటుంది. ఐదో రోజు నుంచి తనే రావడం మానేస్తుంది. అప్పుడు అందరూ అనేది 'చదువు మీద ఆసక్తి లేదు' అని!

పనిలోకి వెళ్లిన పిల్లలను మళ్లీ బడి దాకా తేవడానికి ఒక వంతెన కావాలన్న సంగతి తెలుగునాట చాలాకాలం కిందటే తేలింది. ఎం.వి.ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చేసింది అదే. వెట్టిలో, పశువుల వెంట, పత్తి చేలల్లో ఉన్న పిల్లలను ముందు శిబిరాల్లో ఉంచి, వాళ్ల వయసుకు తగిన తరగతిని అందుకునేదాకా చదువు చెప్పి, ఆ తర్వాత బడిలో కూర్చోబెట్టారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం కూడా ఇదే చెబుతోంది. ఆలస్యంగా వచ్చిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, మిగతావారిని అందుకునేలా ప్రత్యేకంగా చదువు చెప్పాలి.

టీచరమ్మ ప్రధానోపాధ్యాయుణ్ని, సర్పంచినీ వెంటబెట్టుకుని ఆ చేను రైతు దగ్గరికి వెళ్లింది. ఇచ్చిన బయానా పెద్దవాళ్ల కూలీలో పట్టుకోవచ్చు కదా అని అడిగారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకుంటే చట్టం ఊరుకోదని కూడా నెమ్మదిగా గుర్తుచేశారు. బెదిరింపు కన్నా ఆ మొదటి మాటే పనిచేసింది. తిరిగొచ్చిన పిల్లల కోసం పొద్దున గంట కొట్టకముందు నలభై నిమిషాలు వేరే క్లాసు మొదలైంది. మూడో గడిలో ఆమె రాసుకున్నది రెండే మాటలు... 'పోయినది చెప్పాలి'.

ఎనిమిది కాదు, మూడు!

అదే పుస్తకంలో ఓ పొడుగాటి కుర్రాడి పేరుంది. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కాబట్టి ఎప్పుడూ చివరి బెంచీయే. లెక్క మొత్తం పద్ధతిగా చేస్తాడు, జవాబు మాత్రం తప్పు. ఒకరోజు నోటుపుస్తకం దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడింది. తప్పు లెక్కలో లేదు. బోర్డు మీది 8 వాడి పుస్తకంలో 3 అయ్యింది, 6 కాస్తా 0 అయ్యింది. అదే లెక్కను కాగితం మీద రాసిస్తే గడగడా చేసేశాడు. వాడికి బోర్డు కనిపించడం లేదు! కనిపించడం లేదన్న సంగతి వాడికీ తెలియదు. లోకమంతా అందరికీ అలాగే మసకగా ఉంటుందనుకున్నాడు.

బడి పిల్లలకు కళ్లు, పళ్లు, రక్తహీనత లాంటివి పరీక్షించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. వైద్య బృందం బడికే వస్తుంది. ఆ రోజు పిల్లవాడు బడిలో ఉండాలి, రాసిచ్చిన అద్దాలు ఇంటిదాకా చేరాలి, చేరాక వాటిని పెట్టుకోవాలి. ఈ మూడో దగ్గరే బండి ఆగిపోయింది. 'నాలుగు కండ్లోడు' అని తోటివాళ్లు ఏడిపించడంతో కుర్రాడు అద్దాలను సంచిలో దాచేశాడు. సంగతి తెలిసిన ప్రధానోపాధ్యాయుడు మర్నాడు ప్రార్థన సమయంలో తన కళ్లజోడు తీసి అందరికీ చూపించి, 'నాకూ నాలుగు కండ్లే! ఎవరికన్నా నవ్వొస్తుందా?' అన్నారు. నవ్వు రానే వచ్చింది. ఆ నవ్వుతో కుర్రాడి బెరుకు పోయింది.

ఆకలి సంగతి కూడా ఇలాంటిదే. పొద్దున్నే తలనొప్పి అంటూ బెంచీ మీద తల వాల్చే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. తల్లి తెల్లారకముందే చేనుకు వెళ్లిపోతే రాత్రి అన్నం మిగిలితేనే పొద్దున తిండి. లేకపోతే మధ్యాహ్నం బడిలో పెట్టేదే మొదటి ముద్ద. సర్కారు బళ్లలో వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బళ్లలో పొయ్యి వెలిగింది. ఆ భోజనం లేని రోజుల్లో మధ్యాహ్నం ఇంటికెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేవారు కాదని పాత తరం టీచర్లు ఇప్పటికీ చెబుతారు. అయితే పదో తరగతి పిల్లలకు చలికాలంలో సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడితే మళ్లీ అదే ఆకలి. మధ్యాహ్నం తిన్నది నాలుగున్నరకే అరిగిపోతుంది. ఊళ్లోని కిరాణా దుకాణదారును అడిగితే శనగలు ఇచ్చాడు. వంటచేసే అమ్మలు వాటిని ఉడికించి గుడాలు చేసిపెట్టారు. సాయంత్రం క్లాసులో ఆవలింతలు సగానికి సగం తగ్గిపోయాయి.

కింది మెట్టు లేని నిచ్చెన

ఎనిమిదో తరగతికి పాఠం చెప్పడానికి ముందు టీచరమ్మ ఓ చిన్న పరీక్ష పెట్టింది. 503 లోంచి 247 తీసేయండి. అంతే. క్లాసులో చాలామంది తడబడ్డారు. మధ్యలో సున్నా వచ్చేసరికి పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం తెలియలేదు. అలాంటివాళ్లకు వర్గమూలాలు చెప్పడమంటే కింది మెట్లు లేని నిచ్చెన వేసి ఎక్కమనడమే.

ఇది ఒక్క బడి బాధ కాదు. 'అసర్' పేరుతో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే 2005 నుంచీ ఇదే చెబుతోంది. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రావడం లేదు. ఈ పిల్లలు బడికి వస్తున్నారు, కూర్చుంటున్నారు, పై తరగతికీ వెళుతున్నారు. పాఠం మాత్రం వాళ్ల తల మీదుగా వెళ్లిపోతోంది.

దీనికి మందు కూడా దొరికింది. రోజులో ఓ గంటసేపు తరగతుల గోడలను పక్కనపెట్టేయాలి. ఎవరికి ఏది వచ్చో చూసి గుంపులు కట్టాలి. అక్షరాలు రానివాళ్లంతా ఒకచోట, పదాలు చదివేవాళ్లు మరోచోట, తీసివేతలు రానివాళ్లు ఇంకోచోట. ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని దేశంలో చాలాచోట్ల నడిపించింది. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఏళ్ల తరబడి పరీక్షించి మరీ ఇది పనిచేస్తుందని చూపించిన పద్ధతుల్లో ఇదొకటి. తెలంగాణ ప్రాథమిక బళ్లలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' కూడా ఈ లోటును పూడ్చడానికి వచ్చిందే. హైస్కూల్లో ఇలా చేయాలంటే ఓ చిక్కుంది. తొమ్మిదో తరగతివాణ్ని ఆరో తరగతివాడి పక్కన కూర్చోబెడితే సిగ్గుపడతాడు. టీచరమ్మ ఆ గుంపులకు ఒకటి, రెండు అని అంకెలు పెట్టలేదు. కృష్ణ, తుంగభద్ర, భీమ అని నదుల పేర్లు పెట్టింది. ఏ నది పెద్దదో ఎవరూ అడగలేదు.

తండా నుంచి వచ్చే ఓ అమ్మాయి సంగతి ఇంకా వింతగా ఉంటుంది. అంకెలిస్తే కూడికలు, తీసివేతలు టకటకా చేస్తుంది. అదే మాటల్లో ఇస్తే కలం కదలదు. 'మిగిలినవి ఎన్ని?' అన్నది కూడికో తీసివేతో ఆమెకు తెలియలేదు. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు మరి. పాఠం కన్నా ముందు భాషను దాటాలి. పక్కనే కూర్చునే తండా పిల్లతో ఆ లెక్కను వాళ్ల మాటల్లో చెప్పించగానే కలం కదిలింది.

బిడ్డకు మొదటి పాఠం తల్లి భాషలోనే చెప్పాలని నూరేళ్ల కిందటే పట్టుబట్టిన పెద్దాయన మన గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషా ఉద్యమం కోసం అందరూ ఆయన్ను తలచుకుంటారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం వాచకాలు రాసి, బళ్లు పెట్టించిన సంగతి అంతగా గుర్తుచేసుకోరు. ఆ దారిలోనే 2000ల మధ్యలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కోయ, సవర, కొలామి, బంజారా లాంటి 8 భాషల్లో చిన్నపిల్లలకు వాచకాలు తయారుచేయించింది.

'లేచి నిలబడండి!'

కొన్ని అడ్డంకులు బడి బయట ఉండవు. గదిలోనే, టీచరు నోట్లోనే ఉంటాయి.

స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజున చాలా బళ్లలో ఓ మాట వినిపించేది. 'ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి.' చెప్పేవారికి అందులో చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. లెక్క తీసుకోవాలి, పని త్వరగా అయిపోవాలి. లేచి నిలబడ్డ పిల్లల మనసులో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూడరు.

ఇద్దరు పరిశోధకులు చూశారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లోని ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆట ఇచ్చారు. కులం ఊసు లేకుండా ఆడించినప్పుడు పెద్ద కులాల పిల్లలూ, చిన్నచూపుకు గురయ్యే కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. ఆటకు ముందు ఒక్కొక్కరి పేరూ, కులమూ అందరిముందూ చదివి ఆడించినప్పుడు ఆ వెనకబడ్డ కులాల పిల్లల ఫలితం బాగా పడిపోయింది. అదే ఈడు పిల్లలు, అదే ఆట. మధ్యలో వచ్చి చేరింది ఒక్క మాటే. 2004లో వెలువడిన ఈ అధ్యయనాన్ని ప్రతి స్టాఫ్ రూములోనూ చదివి వినిపించాల్సిందే.

టీచరమ్మ ఫారాలను కవర్లో పెట్టి ఇంటికి పంపడం మొదలుపెట్టింది. అదనంగా పట్టిన సమయం పావుగంట.

'మీవల్ల ఏమవుతుంది' అన్న మాట వినపడని చోట పిల్లలు ఎంత ఎత్తుకు వెళ్లగలరో తెలుగువాళ్లు కళ్లారా చూశారు. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ వందల బళ్లకు దారి చూపింది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ అలాంటి సాంఘిక సంక్షేమ గురుకులంలోనే చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరమెక్కిన అమ్మాయిల్లో అందరికన్నా చిన్నది. వెంట ఉన్న ఆనంద్ కుమార్ కూడా ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థే. ఊపిరాడని ఆ ఎత్తులో వాళ్లకు కొత్తగా కొనిచ్చిన తెలివేమీ లేదు. తిండి, శిక్షణ, 'నువ్వు ఎక్కగలవు' అని నమ్మిన పెద్దలు... అంతే!

నాలుగు కిలోమీటర్ల దూరం

ఆడపిల్లల పేజీల్లో కారణాలు వేరుగా ఉంటాయి. నెలలో మూడు రోజులు రాకపోతే ఏమైందని మగ టీచరు అడగలేడు, ఆడపిల్ల చెప్పలేదు. మరుగుదొడ్డి ఉంటుంది, తలుపుకు గొళ్లెం ఉండదు. గొళ్లెం ఉంటే నీళ్లు ఉండవు. ఏడాదికి ఇలాంటివే ముప్పై రోజుల పాఠాలు పోతాయి. ఒక్క గొళ్లెం ఖరీదు ఎంత? ఊరివాళ్లు టీ తాగినంత.

రెండోది దూరం. ఊళ్లో ఏడో తరగతి దాకా ఉంటుంది. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. మగపిల్లవాడైతే నడుస్తాడు, ఎవరి బండో ఆపి ఎక్కేస్తాడు. ఆడపిల్ల అయితే 'కాలం బాగలేదు' అంటారు. చదువు ఆగిన ఏడాదిలోపే సంబంధాలు మొదలవుతాయి. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి చేరిన ప్రతి అమ్మాయికీ సైకిలు ఇవ్వడం మొదలుపెడితే ఏం జరిగిందో కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కగట్టారు. ఆ ఈడు అమ్మాయిల్లో హైస్కూల్లో చేరేవాళ్లు 32 శాతం పెరిగారు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మేలు జరిగింది. అందరూ ఒకేసారి సైకిళ్ల మీద వెళుతుంటే భయమూ తగ్గింది, 'ఆడపిల్ల సైకిలు తొక్కడమేంటి' అన్న నోళ్లూ మూతపడ్డాయి. అసలు రోజూ రాలేని పిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. వసతి, భోజనం, చదువు అన్నీ అక్కడే. వాటి సంగతి తెలిసిన తల్లులు మాత్రం ఇప్పటికీ తక్కువే.

ఒక్క కాగితం

పుస్తకంలో అందరికన్నా బాధపెట్టే కారణాలు చివర్లో ఉన్నాయి. అవి కాగితాలవి.

ఎనిమిదో తరగతి పిల్లలకు జాతీయ స్థాయిలో ఉపకార వేతనం పరీక్ష ఒకటుంది. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. 2008లో మొదలైంది. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లలో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించనివాళ్లు రాయొచ్చు. తెలివికి 90 మార్కులు, పాఠాలకు 90. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నెలకు 1,000 రూపాయల చొప్పున నాలుగేళ్లకు 48,000. కూలీ ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. 'ఇంక చదువు మాను' అనబోయే తండ్రి నోటిని ఆపే మొత్తం అది.

ఇంత మంచి అవకాశం ఎక్కడ జారిపోతుంది? ఆదాయ ధ్రువపత్రం తేవాలంటే ఓ రోజు కూలీ పోవాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉంటుంది. బ్యాంకు ఖాతా ఉండదు. ఏటా రెన్యువల్ చేయించాలని ఎవరూ చెప్పరు. పరీక్ష నెగ్గిన పిల్లవాడు కూడా ఓ అక్షరం తేడాతో డబ్బు పోగొట్టుకుంటాడు. చదువుకున్న ఇళ్లలో ఇది అరగంట పని. చదువు లేని ఇంట్లో అదే కొండ.

ఆ తర్వాతి గండం పదో తరగతి ఫలితాలు వచ్చిన వారాల్లో ఉంటుంది. పాసైన సంబరం రెండు రోజులే. ఏ గ్రూపు, ఏ కాలేజీ, ఎప్పటిలోగా దరఖాస్తు, టీసీ ఎవరిస్తారు... ఇంట్లో చెప్పేవాళ్లుండరు. అప్పటికి బడి బాధ్యత తీరిపోయింది, కాలేజీది ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో ఎంతోమంది పిల్లలు మిల్లులకో, మేస్త్రీ పనికో, పెళ్లిపీటలకో వెళ్లిపోతారు.

పల్లె పిల్లల కోసం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఓ మంచి పని చేశారు. గ్రేడ్లు ఉన్న రోజుల్లో సర్కారు బడుల పిల్లల పాయింట్లకు 0.4 కలిపి జాబితా తయారుచేశారు. ట్యూషన్లు, డబ్బు లేకుండా తెచ్చుకున్న తొమ్మిదికీ, అన్నీ ఉండి తెచ్చుకున్న తొమ్మిదికీ తేడా ఉందని ఒప్పుకోవడమే అది. దయ కాదు, సరైన తూకం.

టీచరమ్మ పుస్తకంలో అన్నీ గెలుపులే లేవు. చక్కగా లెక్కలు చేసే ఓ అమ్మాయి పేరు పక్కన, రెండో గడిలో 'పెళ్లి' అని ఉంది. మూడో గడి ఖాళీ. సంగతి తెలిసేసరికి లగ్నం అయిపోయింది. పిల్లల సహాయానికి 1098 అనే నంబరుందని క్లాసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది ఆ తర్వాతే. ఆ గడిని మాత్రం ఆమె ఇప్పటికీ నింపలేదు.

నడిగడ్డ దాకా వెళ్లనక్కర్లేదు

ఆదివారం పొద్దున ఈ పేజీ తిరగేస్తున్న ఇంట్లో కూడా ఇలాంటి పుస్తకానికి పనుంది. అంట్లు తోమే అమ్మ కూతురు, వాచ్‌మన్ కొడుకు, ఇస్త్రీ బండి వాళ్ల పిల్లలు. వాళ్ల పేర్లు తెలుసు. ఏ తరగతో చాలామందికి తెలియదు.

పాత బట్టలిచ్చినట్టు పాత గైడ్లు ఇచ్చేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. తల్లికి ఒంట్లో బాగాలేనప్పుడు ఆ పిల్లే పనిలోకి వస్తే, 'పోనీలే, చురుకైన పిల్ల' అని సంతోషించే బదులు, ఆ రోజు బడి ఉందా అని అడగాలి. మన పిల్లవాడి దరఖాస్తుతో పాటే ఆ పిల్లవాడిదీ నింపాలి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో ఒక్కసారి చూసిపెట్టాలి. ఎనిమిదో తరగతిలో ఉంటే ఎన్.ఎం.ఎం.ఎస్. రాస్తున్నాడో లేదో కనుక్కోవాలి. పదో తరగతి ఫలితాలొచ్చాక తల్లితో పాటు కాలేజీ దాకా వెళ్లొస్తే, కౌంటర్ దగ్గర ఆమెకు దొరికే మర్యాదే మారిపోతుంది. గది ఒక్కటే ఉన్న ఇంట్లో టీవీ మోగుతుంటే చదువు సాగదు కాబట్టి, పరీక్షల నెలలో వరండాలో ఓ బల్లా, ఓ దీపమూ ఇవ్వొచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

నడిగడ్డ బడిలో మొదట నవ్విన టీచర్లలో ఇద్దరు ఇప్పుడు సొంతంగా నోటుపుస్తకాలు పెట్టుకున్నారు. ఒకరు సైన్సు మాస్టారు, ఇంకొకరు తెలుగు పంతులు. గడులు మాత్రం అవే మూడు. 'ఏమైంది?' అన్న రెండో గడి నింపాలంటే పిల్లల దగ్గర కాసేపు కూర్చోవాలి. 'ఏం చేయాలి?' అన్న మూడో గడి నింపడానికి మాత్రం టీచరే కానక్కర్లేదు.